మంగతాయారుగారి నొప్పులు

రోగి చెప్పేది ఎవరూ వినడం లేదన్న సంగతి ఆరోగ్యశాఖ వారికి ఒకానొక శుభముహూర్తాన తట్టింది. తట్టిన వెంటనే వినడానికి మనుషుల్ని పెట్టి ఉంటే ఈ కథే లేదు. వాళ్ళు ఒక యంత్రాన్ని పెట్టారు.

ఆ యంత్రం పేరు ఆరోగ్యశ్రవణి. గోదావరి జిల్లాలో వెలగలపేట అనే ఓ మోస్తరు పట్టణంలో, ప్రభుత్వాసుపత్రి గుమ్మంలో దాన్ని ప్రతిష్ఠించారు. పక్కన వేసిన పాలరాతి ఫలకం మీద కూడా 'ప్రతిష్ఠించారు' అనే ఉంది. నిలువెత్తు తెల్లటి డబ్బా, దాని మధ్యలో ఒక పెద్ద చెవి బొమ్మ. రోగి ఆ చెవిలో తన బాధ తన సొంత తెలుగులో చెప్పుకోవాలి. యంత్రం అర్థం చేసుకుని ఏ గదికి వెళ్ళాలో చీటీ ఇస్తుంది, చెప్పిన మాటను రోగి ఆరోగ్య సంఖ్య కింద శాశ్వతంగా దాచుకుంటుంది. అసలు గొప్పతనం ఏమిటంటే, అలా దాచిన మాటను డాక్టరు గానీ, డాక్టరు పైవాడు గానీ, ఆ పైవాడి పైవాడు గానీ మార్చడానికి వీల్లేదు. ఇన్నాళ్ళూ డాక్టర్లు రోగుల నోళ్ళు నొక్కేశారనీ, ఇకమీదట రోగి మాటే వేదవాక్కనీ ప్రారంభోత్సవంలో పెద్దలు సెలవిచ్చారు. చప్పట్లు బాగా మోగాయి. యంత్రం ఆ చప్పట్లు విని, అందరూ దోమల్ని కొడుతున్నారనుకుని మలేరియా గదికి చీటీ ఇచ్చింది.

ఆ ఆసుపత్రికి నెలనెలా వచ్చే పాత కాపుల్లో మంగతాయారుగారు ఒకరు. అరవై ఆరేళ్ళ మనిషి, పెద్ద మనవరాలు డిగ్రీ చదువుతోంది. పరికిణీల వయసు నుంచీ లేసు అల్లిన చేతులు ఆవిడవి. ఆ చేతులకు కీళ్ళవాతం పట్టుకుని పదేళ్ళు దాటింది. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదనీ, ఒంట్లో ఉండే కాపలావాడు మతి తప్పి ఇంటివాళ్ళనే దొంగలనుకుని కొట్టే రకం జబ్బనీ డాక్టరు శశిభూషణం ఆవిడకు వివరంగా చెప్పాడు. ఆ కాపలావాణ్ణి అదుపులో పెట్టే మాత్ర ఒకటి ఇచ్చాడు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మంగతాయారుగారు దానికి ఆదివారం మాత్ర అని పేరు పెట్టుకున్నారు. దాని వేడి తట్టుకోవడానికి మర్నాడు వేసుకునే ఇంకోదాని పేరు సోమవారం మాత్ర. అప్పుడప్పుడూ రక్తం పరీక్ష చేయించుకుంటూ, పథ్యం తప్పినా మాత్ర తప్పకుండా, ఆవిడ తన జబ్బుతో ఓ ఒడంబడికకు వచ్చారు. పొద్దున్నే వేళ్ళు కాస్త బిగిసినా, కాఫీ తాగే వేళకు సడలేవి. మధ్యాహ్నానికి లేసు సూది చేతికి వచ్చేది. మాత్ర ఉన్నంత కాలం ఆవిడ మనిషి. మాత్ర లేకపోతే కొయ్యబొమ్మ.

ఆ నెల మాత్రలు అయిపోయి ఆసుపత్రికి వెళితే గుమ్మంలో ఈ చెవి ఉంది. ఎవరో ఒకరు వినడానికి సిద్ధంగా ఉన్నారంటే ఆవిడకు మహా సంతోషం వేసింది. దగ్గరగా జరిగి చెప్పారు.

"నొప్పులు బాబూ. తెల్లారగట్ల మొదలవుతాయి. ఒకదాని వెనకాల ఒకటి వస్తానే ఉంటాయి. ఇహ నావల్ల కాదు."

తెలుగులో నొప్పి ఒకటైతే జబ్బు. ఆడమనిషి నోట అదే బహువచనంలో వస్తే శుభవార్త. ముందు 'కీళ్ళ' అని రెండక్షరాలు తగిలిస్తే సరిపోయేది. పదేళ్ళుగా ఆ కీళ్ళతోనే కాపురం చేస్తున్న మనిషికి వాటి పేరు విడిగా చెప్పాలని తోచలేదు.

"శుభం," అంది యంత్రం, రేడియోలో పాత అనౌన్సరు గొంతుతో. "నొప్పులు ఎంతసేపటికి ఒకసారి వస్తున్నాయి తల్లీ?"

"ఎంతసేపేంటి బాబూ, ఎడతెరిపి ఉంటేగా."

వెంటనే యంత్రం నెత్తిన ఎర్ర దీపం గిర్రున తిరిగింది. ఇద్దరు ఆయాలు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి ఆవిడను కూర్చోబెట్టుకుని పరుగు పెట్టారు. మోకాళ్ళు కూడా బాధిస్తున్నాయేమో, ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కొత్త పద్ధతి బాగుందని కూడా అనుకున్నారు. తీరా ఆ కుర్చీ ఆగింది పురిటి గదిలో. అక్కడి నర్సు ఈవిణ్ణి చూసి, చీటీ చూసి, మళ్ళీ ఈవిణ్ణి చూసి, నవ్వాపుకోలేక పక్కనున్న ఖాళీ మంచం మీద తానే కూలబడింది. మంగతాయారుగారూ నవ్వారు. నవ్వుకుంటూనే మందుల కౌంటరుకు వెళ్ళారు. అక్కడ నవ్వు ఆగిపోయింది.

ఆవిడ సంఖ్య కొట్టగానే కౌంటరు మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ మాత్ర గర్భిణులకు ఇవ్వరాదు, బిడ్డకు ముప్పు. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. గర్భిణులు ఆ మాత్ర దరిదాపులకు పోకూడదు. యంత్రం తప్పేమీ చెప్పలేదు. తప్పంతా మంగతాయారుగారు గర్భిణి కాకపోవడంలోనే ఉంది.

డాక్టరు శశిభూషణం మంచివాడు, కాకపోతే కంప్యూటరు ముందు కాస్త పిరికివాడు. ఆవిడ కేసు తీసి దిద్దబోతే, రోగి వాక్కును సవరించే అధికారం మీకు లేదని అది గట్టిగా చెప్పింది. మీరే మళ్ళీ వెళ్ళి ఆ చెవిలో సరిగ్గా చెప్పి రండమ్మా అని ఆయన బతిమాలాడు. ఆవిడ వెళ్ళి కీళ్ళ నొప్పులని గుర్తుగా చెప్పబోయారు. కానీ ఒకసారి పురిటి పద్దులో పడ్డ మనిషిని యంత్రం ఇక ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది.

"ప్రసవం అయినదా తల్లీ?"

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. కాలేదన్నారు. ధైర్యంగా ఉండమంది యంత్రం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు అయింది వ్యవహారం. పోనీ బజార్లో కొనుక్కుందామంటే, ఊళ్ళో ప్రతి మందుల షాపునూ ఈ యంత్రానికే కట్టేశారు. ఏ షాపులో ఆవిడ సంఖ్య కొట్టినా అవే ఎర్ర అక్షరాలు. అమ్మా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెతను ఇంత ఖర్చు పెట్టి అమలుచేసిన శాఖ మరొకటి ఉండదు.

ఒక్క మంగతాయారుగారికే కాదు, ఊరందరికీ ఇదే గొడవ. నొప్పులంటే పురిటి గదికి తోస్తోందని తెలిసి జనం ఆ మాట మానేశారు. మానేస్తే తెలుగులో మాటలకు కరువా? నడుంలో పోట్లు అన్న కిరాణా కొట్టు గవర్రాజు దగ్గరికి, కత్తిపోట్ల కేసనుకుని పోలీసులొచ్చారు. ఒళ్ళంతా తీపులు అన్న ముసలాయనకు చక్కెర జబ్బు అంటగట్టి, కాఫీలో పంచదార మాన్పించారు. కాళ్ళు పీకుతున్నాయని చెప్పిన ఒకావిణ్ణి, ఎవరు పీకుతున్నారో పేర్లు చెప్పమని నిలదీసింది. చివరికి ఆసుపత్రి ముందు క్యూలో నిలబడ్డవాళ్ళు ఏ మాట వాడితే క్షేమమో ఒకరినొకరు అడిగి, బట్టీ పట్టుకుని మరీ లోపలికి వెళ్ళేవారు.

ఇక లాభం లేదని డాక్టరు శశిభూషణం జిల్లా కార్యాలయానికి రాసుకున్నాడు. అయ్యా, ఈమెకు అరవై ఆరేళ్ళు, గర్భం అసంభవం అని. అక్కడ మాతాశిశు పర్యవేక్షణాధికారి చిదానందంగారు ఉన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే వంశం. ఆయన జవాబు తిరుగుటపాలో వచ్చింది. వయోభారము గర్భమునకు విరుద్ధసాక్ష్యము కానేరదు, అది కేవలము ప్రమాదసూచిక, కావున సదరు తల్లిని అతిప్రమాదకర గర్భిణుల వర్గమునకు తక్షణమే ఉన్నతీకరించవలెను అని.

మర్నాటి నుంచి మంగతాయారుగారి ఇల్లు పుట్టింటి కన్నా కళకళలాడింది. నర్సమ్మ సత్యవేణి పొద్దున్నే వచ్చి బరువు తూచేది. కోడిగుడ్లు వచ్చాయి, పాల ప్యాకెట్లు వచ్చాయి, వేరుశెనగ పట్టీలు వచ్చాయి. 'ఈ ఇంట తల్లి కాబోవుచున్నది, హారను మోగించరాదు' అని గేటుకు బోర్డు వచ్చింది. గర్భిణులకిచ్చే బలం మాత్రలూ వచ్చాయి. వాటిలో ఒకటి చూసి ఆవిడ కళ్ళు మెరిశాయి. అది అచ్చంగా తన సోమవారం మాత్రే. "సోమవారం దొరికిందమ్మాయ్, ఇహ ఆదివారమే రావాలి," అన్నారు సత్యవేణితో. పాపం సత్యవేణికి అంతా తెలుసు. తెలిసినా, తూచకపోతే ఆ పిల్ల ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఇద్దరూ కలిసి తూకం చూసుకుని, గుడ్లు చెరి సగం పంచుకునేవారు.

ఈ మొత్తంలో లాభపడింది మాత్రం పేర్రాజుగారు. ఆయన మంగతాయారుగారి భర్త, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. గేటుకు బోర్డు పడ్డప్పటి నుంచీ ఆయన నడక మారింది. పాల కేంద్రం దగ్గర ఎవరైనా నవ్వుతూ శుభాకాంక్షలు చెబితే, అబ్బే అదంతా కంప్యూటరు పొరపాటండీ అని ఆయన చెప్పాలి. చెప్పేవాడు కూడా. కాకపోతే ఓ నిమిషం ఆగి చెప్పేవాడు. మీసానికి రంగు వేయడం మొదలుపెట్టాడని తెలిసి మంగతాయారుగారు, నా నొప్పులకు మందు రాసేది పోయి మీరు మీసాలకు రంగు రాస్తున్నారా అని చివాట్లేశారు.

కానీ ఆదివారాలు గడిచిపోతున్నాయి. మాత్ర లేని ఒంట్లో కాపలావాడు మళ్ళీ కర్ర పట్టాడు. మొదట వేలి కణుపులు ఎర్రబడ్డాయి, తర్వాత మణికట్లు వాచాయి. పొద్దున్నే పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చేవి. జడ పేర్రాజుగారు వేసేవాడు, ఆ వేసిన జడను చూసి ఆవిడ ఏడవలేక నవ్వేవారు. లేసు సూది డబ్బాలోనే ఉండిపోయింది. జబ్బు వచ్చిందంటే సరే, మందు ఉండీ, మందు పనిచేస్తుందని తెలిసీ, అది చేతికందే దూరంలో షాపులో ఉండీ చేతికి రాకపోతే మనిషికి వచ్చే కోపం వేరు. నవ్వుతూ తిరిగే మంగతాయారుగారికి ఆ కోపం వచ్చింది. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక, గేటు బోర్డు కేసి చూస్తూ కూర్చునేవారు.

అలా ఉండగా శాఖ వారి సామూహిక సీమంతాల పండగ వచ్చింది. వెలగలపేట తల్లులందరినీ మున్సిపల్ కల్యాణ మండపంలో వరసగా కూర్చోబెట్టారు. మంగతాయారుగారు రానని పట్టుబట్టినా, హాజరు తప్పితే గైర్హాజరు గర్భమని ఇంకో పద్దులో వేస్తారని సత్యవేణి భయపెట్టి తీసుకొచ్చింది. అటూ ఇటూ ఇరవయ్యేళ్ళ పిల్లలు, మధ్యలో ఈవిడ. పసుపు రాశారు, పూలు పెట్టారు. గాజులు తొడిగే ముత్తయిదువ ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్క నొక్కు నొక్కేసరికి మంగతాయారుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాజు కణుపు దాటలేదు. ఏ పెళ్ళికెళ్ళినా తన చేతికి సరిపడేలా అందరికన్నా చిన్న గాజులు తెప్పించుకున్న మనిషి ఆవిడ. ఆ చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకున్నారు. మండపంలో ఉన్న అందరి ముందూ, పెదవి బిగపట్టి, చిన్నపిల్లలా ఏడ్చారు.

ఆ కన్నీళ్ళకు చలించి ఎవరైనా మాత్ర తెచ్చి ఇస్తే అది శాఖ ఎందుకవుతుంది. పర్యవేక్షణకు వచ్చిన ఒక అధికారిణి పరుగున వచ్చి, గర్భిణికి చేతులు వాచాయి, ఇది ప్రమాద సంకేతం అని కేక పెట్టింది. ఆ మాటా నిజమే, కావాలంటే ఏ నర్సునైనా అడగండి. కూత పెడుతూ అంబులెన్సు వచ్చింది. పసుపు, పూలతో సహా మంగతాయారుగారిని జిల్లా ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. అక్కడ స్కానింగు చేసి, గర్భసంచిలో ఏమీ లేదని తేల్చారు. డాక్టరు శశిభూషణం, పేర్రాజుగారు ఊపిరి పీల్చుకుని ఆ సంగతి చిదానందంగారికి విన్నవించారు.

చిదానందంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కానరాకపోవుట వేరు, లేకపోవుట వేరు," అన్నారు. "శిశువు కానరాలేదని రాసితిమా, శిశువు ఏమయినదని పైనుంచి అడుగుదురు. అప్పుడు విచారణ సంఘము వేయవలెను. మన జిల్లాలో నమోదైన ప్రతి గర్భమూ సుఖప్రసవముగానే ముగియుచున్నది. ఆ కీర్తికి మచ్చ రానీయరాదు."

మరి దారేమిటని పేర్రాజుగారు చేతులు కట్టుకుని అడిగాడు. చిదానందంగారు గొంతు తగ్గించి, కష్టం లేని దారి చెప్పారు. యంత్రం అడిగినప్పుడు ప్రసవం అయిందని ఆవిడే ఒక్క మాట అనాలి. గర్భం ముగుస్తుంది, ఎర్ర అక్షరాలు పోతాయి, మాత్ర చేతికొస్తుంది. జిల్లాలో అతి పెద్ద వయసు తల్లికి సుఖప్రసవం అయిందని పేపర్లో కూడా వేయించవచ్చు.

మంగతాయారుగారికి అబద్ధం అంటే చేదు. కానీ చేతులు అంతకన్నా చేదుగా ఉన్నాయి. వెలగలపేట తిరిగొచ్చి ఆ చెవి ముందు నిలబడి, అయింది బాబూ అన్నారు. ఆడపిల్లా, మగపిల్లవాడా అని అడిగింది యంత్రం. పేర్రాజుగారు వెనకనుంచి మగపిల్లాడని అందించాడు. యంత్రం సన్నాయి వాయించింది. వాయించి, మందుల కౌంటరుకు చీటీ ఇచ్చింది. ఆవిడ ఆ చీటీ గుప్పెట్లో పట్టుకోలేక మోచేతుల మధ్య పట్టుకుని వెళ్ళారు. కౌంటరు మీద మళ్ళీ ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ మాత్ర పాలిచ్చు తల్లులకు ఇవ్వరాదు.

అదీ నిజమే. ఈ కథలో యంత్రం ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

మంగతాయారుగారు వెనక్కి తిరిగారు. క్యూలో వాళ్ళు దారి ఇచ్చారు. నేరుగా వెళ్ళి ఆ తెల్ల డబ్బా ముందు నిలబడి, ఇన్నాళ్ళుగా దాచుకున్న కోపమంతా ఆ చెవిలో పోశారు.

"విను. బాగా విను. పొద్దున్న లేస్తే నా చేతులు నా మాట వినవు. గ్లాసు ఎత్తలేను. జాకెట్టు హుక్కు పెట్టుకోలేక ఆయన్ని పిలుస్తాను, ఇన్నేళ్ళొచ్చాక నాకు సిగ్గేస్తది. మనవరాలు చెయ్యి పట్టుకుంటే వదిలించుకుంటాను, అది చిన్నబుచ్చుకుంటది. చెయ్యి ముట్టుకోవద్దని ఎవరికి చెప్పుకోను? నాకు బిడ్డొద్దు, గుడ్లొద్దు, బోర్డొద్దు. నా మాత్ర నాకియ్యి. నా రెండు చేతులూ నాకిచ్చెయ్యి, రెండూ కావాలి నాకు."

యంత్రం కాసేపు ఆలోచించింది.

"శుభం," అంది. "కవలలు."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు శశిభూషణం తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళలో మంగతాయారుగారు ఆయనకు చెప్పింది ఎప్పుడూ రెండు ముక్కలే. ఫరవాలేదండి, మాత్రలు రాయండి. హుక్కుల సంగతి, మనవరాలి సంగతి ఆయన ఎన్నడూ అడగలేదు. గ్లాసు ఎత్తగలరా అని కూడా అడగలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. చేతిచీటీ రాసిన డాక్టరుకు బదిలీ తప్పదని ఆదేశం ఉంది. ఆయన లోపలికి వెళ్ళి, సొరుగు అడుగున ఉన్న పెన్ను తీసి, రాయకపోతే దులిపి, మళ్ళీ రాసి చూసుకున్నాడు. ఆవిడను కూర్చోబెట్టి ఒక్కొక్క వేలూ పట్టి చూశాడు. రక్తం పరీక్ష చేయించి, అది సరిగ్గా ఉందని చూసుకున్నాక ఒక తెల్లకాగితం మీద మాత్ర పేరు రాసి సంతకం పెట్టాడు.

"అమ్మా, ఇన్నాళ్ళూ నేనే వినలేదు," అన్నాడు. "షాపులో ఏమంటారో తెలియదు. అయినా వెళ్ళి చూడండి."

సంఖ్య లేని చేతిచీటీ కాబట్టి, షాపులో ఆ కాగితాన్నే కంప్యూటరు కంటికి చూపించాలి. పేర్రాజుగారు గుండె చిక్కబట్టుకుని చూపించాడు. డాక్టరుగారి దస్తూరీ ఎంత గొప్పదంటే, కంప్యూటరు దాన్ని నాలుగు సార్లు చదివి, దగ్గుమందుగా నిర్ణయించి, ఆకుపచ్చ దీపం వెలిగించింది. షాపాయన మాత్రం కాగితం అందుకుని తలకిందులుగా పట్టుకునే చదివేశాడు. లోపలికి వెళ్ళి ఆదివారం మాత్రలు తెచ్చి ఇచ్చాడు. వెలగలపేటలో ఆ తర్వాత డాక్టరుగారి దస్తూరీ ఇంకా ఇంకా గొప్పదవుతూ వచ్చింది.

మాత్ర పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పట్టింది. ఇలాంటి మాత్రలు హడావిడి పడవు. ఒక పొద్దున్న బ్రష్షు ఒక్క చేత్తోనే పట్టింది. మరో పొద్దున్న జడ ఆవిడే వేసుకున్నారు, పేర్రాజుగారు కాస్త నొచ్చుకున్నాడు. ఈలోగా జిల్లాలో ఇవే యంత్రాలు పెట్టిన మిగతా ఊళ్ళలోనూ కీళ్ళరోగులు పురిటి గదుల్లో పోగుపడి తల్లులకు మంచాలు చాలడం లేదని ఫిర్యాదులు వెళ్ళాయి. చిదానందంగారు సమగ్రంగా పరిశీలించి యంత్రాన్ని సంస్కరించారు. ఇకమీదట నొప్పులు అను పదమునకు కీళ్ళ నొప్పులు అనియే అర్థము, అన్యార్థము లేదు అని ఆజ్ఞ వేశారు.

ఆ ఆజ్ఞ అమలైన మర్నాడే మంగతాయారుగారు రక్తం పరీక్షకు ఆసుపత్రికి వెళ్ళారు. గుమ్మంలో ఒక పడుచుపిల్ల, నిండు చూలాలు, గోడ పట్టుకుని నిలబడి ఉంది. మొగుడు ఆటో తీసుకొచ్చి దింపి, దాన్ని పక్కన పెట్టడానికి వెళ్ళాడు. నొప్పులమ్మా, నొప్పులొస్తున్నాయి అని ఆ పిల్ల యంత్రంతో మొత్తుకుంటోంది. యంత్రం ఎంతో దయగా ఒక మందు గొట్టం బయటికి తోసి, మోకాళ్ళకు రోజుకు మూడు పూటలా రాసుకోమంది.

మంగతాయారుగారు ఆ గొట్టాన్ని పక్కన పెట్టి పిల్ల చెయ్యి అందుకున్నారు. ఇదివరకు ఎవరు చెయ్యి చాచినా వెనక్కి తీసుకున్న మనిషి, తానే అందుకున్నారు. పురిటి గదికి దారి ఆవిడకు కొట్టిన పిండి. పిల్ల ఆవిడ వేళ్ళను ఉడుంపట్టు పట్టి, అడుగు వేసినప్పుడల్లా ఇంకా బిగించింది.

"గట్టిగా పట్టుకో తల్లీ, నాకేం ఫరవాలేదు," అన్నారు ఆవిడ.

వేళ్ళు కాస్త నొప్పెట్టిన మాట నిజమే. కానీ వెనకాల యంత్రం ఇంకా వింటూనే ఉంది, అందుకని ఆవిడ ఆ ముక్క పైకి అనలేదు.